దరువు మీద నడిచే మాట

సభ మొదలవడానికి గంట ముందు వేదిక వెనకకు వెళ్లి చూస్తే అక్కడ ఎండుగడ్డి మంట ఒకటి కనబడుతుంది. చుట్టూ నలుగురైదుగురు కూర్చుని డప్పులు కాగబెడుతుంటారు. వేప చెక్క వలయం, దాని మీద బిగించిన మేకతోలు. చల్లగా ఉన్నప్పుడు కొడితే తడిబట్ట మీద కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. వేడి తగిలేకొద్దీ తోలు బిగుస్తుంది. కళాకారుడు డప్పును మంట మీద నుంచి తీసి, వేళ్లతో ఒకసారి తట్టి, తల వంచి వింటాడు. నచ్చకపోతే మళ్లీ మంటకు చూపిస్తాడు. కుడిచేతిలో లావుపాటి సిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల. ఆ రెండూ కలిసి పడ్డప్పుడు ఖంగుమని మోగితేనే లేచి నిలబడతాడు. చలికాలం రాత్రుల్లో మంచుకు తోలు వదులైతే, ఆట సగంలో మళ్లీ కాగబెట్టుకోవాల్సిందే.

ఈ మంట దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఇంట్లో పిల్లలు చెవుల్లో పెట్టుకుని వినే హిప్‌హాప్ ఏమిటో పెద్దవాళ్లకు అంతుపట్టదు. పాటా అంటే పాట కాదు, ప్రసంగమా అంటే ప్రసంగమూ కాదు. వాయిద్యాలతో ఒక గుంపు వేదికెక్కి, సమాజం గురించి, ఆకలి గురించి, పోలీసు లాఠీ గురించి గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతుంటే దాన్ని ఏమని పిలవాలో తెలియదు. కానీ కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఇది కొత్త వస్తువేమీ కాదు. మనవాళ్లు దాన్ని ధూంధాం అన్నారు. అంతకుముందు ఇంకేవో పేర్లతో పిలిచారు. హిప్‌హాప్‌కూ ధూంధాంకూ రక్తసంబంధం లేదు. ఒకటి అమెరికాలో నల్లవాళ్ల వాడలో పుట్టింది, ఇంకొకటి తెలంగాణ మాదిగవాడలో, గొల్లకురుమల పట్నాల ముగ్గుల దగ్గర, బొగ్గుబావుల మీద పెరిగింది. చేసే పని మాత్రం ఒకటే. అందుకే ఒకదాన్ని పట్టుకుంటే రెండోది సులువుగా అర్థమవుతుంది.

ముందు అక్కడి సంగతి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరం బ్రాంక్స్ ప్రాంతంలో ఒక అపార్ట్‌మెంటు హాల్లో చిన్న విందు జరిగింది. జమైకా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబంలోని కుర్రాడు, తర్వాత డీజే కూల్ హర్క్ అని పేరుపడ్డవాడు, ఆ విందులో రికార్డులు వేశాడు. జనం ఎక్కడ ఎక్కువ ఊగుతున్నారో అతను గమనించాడు. పాట మధ్యలో గాయకుడు ఆగి, ఉత్త డ్రమ్ములు మోగే కొన్ని క్షణాలున్నాయే, అక్కడ. దాంతో ఒకే రికార్డు రెండు ప్రతులను రెండు యంత్రాల మీద పెట్టి, ఆ దరువు ముక్కనే ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పి తిప్పి వేయసాగాడు. అంటే పాటలోంచి పాటను తీసేసి దరువును మాత్రం ఉంచాడు. ఆ దరువు మీద ఎవరో ఒకరు మైకు పట్టుకుని జనాన్ని పలకరించడం, ఎగదోయడం, ప్రాస కలిపి మాట్లాడడం మొదలైంది. అదే ర్యాప్. తొలి రోజుల్లో అది ఉత్త సంబరమే. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం 'ద మెసేజ్' విడుదల చేసింది. డబ్బు లేక, ఆ పాడుబడ్డ వాడను విడిచిపోలేక నలిగిపోయే మనిషి గోడు అందులో ఉంది. సంబరం కోసం పుట్టిన దరువు సమాజం గురించి కూడా మాట్లాడగలదని ఆ పాటతో లోకానికి తెలిసింది.

లైవ్ బ్యాండు అనేది దీనికి తర్వాతి మెట్టు. ఫిలడెల్ఫియాలో ఒకే కళల పాఠశాలలో చదివిన ఇద్దరు కుర్రాళ్లు, డ్రమ్ములు వాయించే క్వెస్ట్‌లవ్, మాట అల్లే బ్లాక్ థాట్, 1987లో జట్టుకట్టారు. వీధి పక్కన నిలబడి వాయించారు. అదే 'ద రూట్స్' బృందమైంది. రికార్డు తిప్పడం కాకుండా మనుషులే డ్రమ్ములు, గిటారు, కీబోర్డు వాయించే హిప్‌హాప్ బృందంగా వాళ్లకు పేరు. 2000 సంవత్సరంలో గ్రామీ పురస్కారం కూడా అందుకున్నారు.

యంత్రం వాయిస్తే ఏమిటి, మనిషి వాయిస్తే ఏమిటి అనిపించవచ్చు. తేడా చాలా ఉంది. యంత్రం ఎవరికోసమూ ఆగదు. పాడేవాడికి దుఃఖం వచ్చి గొంతు పూడుకుపోయినా ట్రాకు ముందుకే పోతుంది. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ కళ్లొత్తుకుంటోందని దానికి తెలియదు. వాయించేది మనిషైతే చూస్తాడు. పాడేవాడు ఒక మాట దగ్గర ఆగితే, దరువును సన్నగా పట్టి ఉంచుతాడు. జనం చప్పట్లందుకుంటే రెండింతలు చేస్తాడు. సభ నడిచేకొద్దీ పాట కొలత మారుతుంది, చరణాలు పెరుగుతాయి, పక్క ఊళ్లో నిన్న జరిగిన సంగతి ఈరోజు చరణమై కూర్చుంటుంది. సమాజం గురించి మాట్లాడే పాటకు ఈ వెసులుబాటు ప్రాణంతో సమానం. ముందే అచ్చు గుద్దిన మాటకు ఎదుటివాళ్ల కష్టం వినే చెవి ఉండదు కదా.

ఇక మన దగ్గరికి వద్దాం. ఒగ్గుకథ చూసినవాళ్లు ఒకసారి గుర్తు చేసుకోండి. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పే ఒగ్గు పూజారులు, వెనక పెద్ద డోళ్లు, తాళాలు. ప్రధాన కథకుడు కొంత పాడతాడు, కొంత మాట్లాడతాడు. ఆ మాట్లాడే భాగమే ఇక్కడ ముఖ్యం. అది మామూలు మాట కాదు. డోలు దరువును ఒక్క క్షణం కూడా విడవకుండా, ఊపిరి పట్టి, మాట మీద మాట పేర్చుకుంటూ పోతాడు. పక్కనున్నవాడు "ఆఁ... ఆఁ..." అంటూనో, "ఎట్లెట్లా?" అని అడుగుతూనో వంత అందుకుంటాడు. వేములవాడ దగ్గరి హన్మాజిపేటకు చెందిన మిద్దె రాములు ఎల్లమ్మ కథ చెబుతుంటే రాత్రంతా జనం కదలకుండా కూర్చునేవారు. ఆయన చేసిన పనికి ర్యాప్ అనే పేరు పెట్టాల్సిన అవసరం ఏమీ లేదు. కానీ ర్యాప్ అంటే ఏమిటని అడిగే తెలంగాణ పల్లె మనిషికి చూపించడానికి అంతకన్న దగ్గరి పోలిక నాకైతే దొరకలేదు.

ఆదిలాబాద్ వైపు పోతే ఇంకో లోకం. గోండుల వంశకథలను కిక్రి వాయిస్తూ ప్రధాన్లు పాడి వినిపిస్తారు. దీపావళి రోజుల్లో దండారి సాగినప్పుడు నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఊరూరా ఆడతారు. మార్లవాయికి చెందిన కనక రాజు ఈ ఆటకు దేశమంతా పేరు తెచ్చారు. 2021లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. గుస్సాడీలో తుడుం మోతకు కాలు కదులుతుంది. ఆ తుడుం గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

దరువు మీద మాట ఎలా నిలబడుతుందో కొంచెం దగ్గరగా చూడడం మంచిది. ఉదాహరణ కోసం రెండు పాదాలు నేనే అల్లుతున్నాను. సిరిసిల్ల మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు.

సాంచ ఆగితే కూలి ఆగెరా
కూలి ఆగితే పొయ్యి ఆరెరా

మాత్రలు లెక్కపెట్టండి. "సాంచ" మూడు, "ఆగితే" ఐదు, "కూలి" మూడు, "ఆగెరా" ఐదు. రెండో పాదమూ అంతే. మూడు, ఐదు, మూడు, ఐదు. కలిపితే పాదానికి పదహారు. డప్పు మీద ఇది ఎనిమిది మాత్రల చుట్టుగా రెండుసార్లు తిరుగుతుంది. అడుగు మూడు దగ్గర ఒకసారి, ఐదు దగ్గర ఒకసారి పడడం వల్ల నడకలో ఒక తూగు వస్తుంది. మొదటి పాదం చివరన వచ్చిన కూలి రెండో పాదాన్ని ఎత్తుకుంటుంది. వినేవాడు మూడో పాదాన్ని ముందే ఊహించుకుంటాడు. పొయ్యి ఆరితే ఏమవుతుంది? ఆ ఊహే వాణ్ని పాటలోకి లాగుతుంది.

చివరన ఉన్న "రా" ఊరికే రాలేదు. తెలుగులో అచ్చు పొడవు మారితే అర్థమే మారిపోతుంది. "పడు" వేరు, "పాడు" వేరు. ఇంగ్లీషు పాటలో మాదిరిగా ఎక్కడ బలం కావాలంటే అక్కడ సాగదీస్తే తెలుగు మాట విరిగిపోతుంది. కొత్తగా ర్యాప్ రాసే పిల్లలు చాలామంది తడబడేది ఇక్కడే. దరువు ఇంగ్లీషుదిగా ఉంటుంది, దాని కొలతకు తెలుగు మాటను నొక్కేస్తారు. వినేవాడికి ఒక్క ముక్కా అందదు. మన పల్లె వాగ్గేయకారులు దీన్ని తరతరాల కిందటే పరిష్కరించుకున్నారు. మాటను దాని సహజమైన పొడవులో పలికి, మిగిలిన మాత్రలను "రా", "రో", "ఓయన్న", "మాయమ్మ" వంటి పిలుపులతో నింపుతారు. ఖాళీ నిండుతుంది, పైగా ఎదుటివాణ్ని పిలిచినట్టూ ఉంటుంది.

ఇంత పనితనం ఈ నేలలో ముందునుంచే ఉంది. అది దేవుడి కథల్లోంచి మనిషి కథలోకి ఎలా మళ్లిందన్నది అసలు ప్రశ్న. వెట్టిచాకిరీ, గడీల పెత్తనం ఈ జిల్లాల్లో చాలాకాలం సాగాయి. వాటికి ఎదురుతిరుగుతూ 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వేలాది మంది రైతుకూలీలు ఊళ్ల నుంచి కదిలి వచ్చారు. కొద్ది వారాలకే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సభ పెట్టుకోనివ్వని చోట, పత్రిక చేరని చోట, చేరినా చదవగలిగేవాళ్లు తక్కువైన చోట కబురు ఎలా నడుస్తుంది? పాటగా నడుస్తుంది. కరపత్రం జేబులో దొరికితే జైలు. నాలుక మీది పాటను ఏ సోదా పట్టుకోగలదు?

ఆ రోజుల పాటకు పెద్దదిక్కు జన నాట్యమండలి. 1970ల మొదట్లో హైదరాబాద్ చుట్టుపక్కల మొదలైన ఈ బృందంలోంచి మెదక్ జిల్లా తూప్రాన్‌కు చెందిన గుమ్మడి విఠల్‌రావు గద్దరై ఎదిగారు. 'మా భూమి' సినిమాలో తెరమీద కనిపించి పాడింది ఆయనే. భుజాన గొంగడి, నడుముకు ధోవతి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర, పక్కన డప్పు, వెనక వంత పాడే ఇద్దరు ముగ్గురు. ఖర్చు లేని బృందం అది. కరెంటు పోయినా ఆగదు. పాట మధ్యలో ఆపి నాలుగు మాటలు మాట్లాడడం, ఆ మాటల్లోంచే మళ్లీ పాటలోకి దూకడం ఆయన పద్ధతి. తర్వాత తెలంగాణలో వేదికెక్కిన ప్రతి బృందం మీదా ఆ ముద్ర ఉంది. 1990లో ఆయన అజ్ఞాతం వీడి హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో పాడినప్పుడు జనం లక్షల్లో వచ్చారు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. బతికి, మళ్లీ గజ్జె కట్టారు. 2023 ఆగస్టు 6న కన్నుమూశారు.

ఆదిలాబాద్ జిల్లా దండేపల్లి మండలం లింగాపూర్‌లో పుట్టిన గూడ అంజయ్యను ఇక్కడ తలచుకోకపోతే తప్పు. ఊరూ వాడా మనదేనంటూ ఆయన కట్టిన పాట రాసినవాడి పేరు తెలియనివాళ్ల నోళ్లలో కూడా నడిచింది. 2016 జూన్‌లో ఆయన పోయారు. పాటకు భయంకరమైన వెల చెల్లించినవాళ్లూ ఉన్నారు. భువనగిరికి చెందిన గాయని బెల్లి లలితను 1999 మేలో హత్యచేసి ముక్కలు చేశారు. ఆమె చేతిలో ఆయుధం లేదు, గొంతు మాత్రమే ఉంది. ఈ బృందాల ఎదుగుదలను మాట్లాడుకునేటప్పుడు ఈ మాట దాటవేయకూడదని నా పట్టుదల.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో భాగంగా 2002లో కామారెడ్డిలో తొలి ధూంధాం జరిగింది. రసమయి బాలకిషన్ దాన్ని ఊరూరా నడిపినవాళ్లలో ముందున్నారు. పేరులోనే దరువు ఉంది. ఆట, పాట, మాట మూడూ ఒక వేదిక మీద. అంతకుముందు ఏ పార్టీ కళాకారులు ఆ పార్టీ సభలో పాడేవారు. ధూంధాం వేదిక మీదికి వేర్వేరు భావాలవాళ్లు, వేర్వేరు కళలవాళ్లు వచ్చారు. డప్పు, డోలు, ఒగ్గు, కోలాటం, బతుకమ్మ పాట ఒకే రాత్రి, ఒకే మైకు ముందు. నాయకుడు మాట్లాడేదాకా జనాన్ని కూర్చోబెట్టడానికి పాట పెట్టడం మామూలు ఆనవాయితీ. ధూంధాంలో అది తలకిందులైంది. జనం పాటకోసం వచ్చారు, నాయకుడు పాటల మధ్య మాట్లాడాడు.

ఎందుకంత ఊపు వచ్చింది? నీళ్లు, నిధులు, నియామకాలు అన్న లెక్కలు కారణమే. కానీ లెక్కలకు ఎవరూ గజ్జె కట్టరు. నా అంచనాలో పెద్ద కారణం భాష. సినిమాల్లో తెలంగాణ యాస మాట్లాడేవాడు ఎక్కువగా రౌడీ, లేకపోతే నవ్వించే నౌకరు. అదే యాస ధూంధాం వేదిక మీద పదివేల మంది ముందు తలెత్తుకుని నిలబడింది. ఇంట్లో తన అవ్వ మాట్లాడే మాటే మైకులోంచి వినబడితే, కూర్చున్న కుర్రాడికి వెన్ను నిటారవుతుంది. బ్రాంక్స్ పిల్లలు ఇంగ్లీషు వ్యాకరణాన్ని పక్కనబెట్టి తమ వాడ మాటతోనే ర్యాప్ కట్టినప్పుడు జరిగిందీ అదే.

2009 తర్వాత ఉద్యమం రోడ్డెక్కింది. 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు బొగ్గు తీయడం ఆపారు. గోదావరిఖని, శ్రీరాంపూర్, బెల్లంపల్లి, మందమర్రి. రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంటావార్పు చేస్తుంటే పక్కన డప్పు మోగేది. అక్కడ వేదిక ఏదో, ప్రేక్షకులెవరో గీత గీసి చెప్పలేం.

ఈ ప్రాంతంలో నడిచిన సంఘాల పేర్లు చూడండి. మాదిగల దండోరా 1994లో మొదలైంది. దండోరా అంటే డప్పు కొట్టి వేసే చాటింపు. ఆదివాసీ హక్కుల పోరాట సమితిని అందరూ తుడుందెబ్బ అనే పిలుస్తారు. గొల్లకురుమలకు డోలుదెబ్బ. గీత కార్మికులకు మోకుదెబ్బ. తమ హక్కు అడగడానికి సంఘం పెట్టుకున్నవాళ్లు తమ చేతిలోని వాయిద్యాన్ని, పనిముట్టును పేరుగా పెట్టుకున్నారు. చావు కబురు చెప్పడానికీ, దొర ఆజ్ఞ చాటడానికీ కొట్టించిన డప్పును, తక్కువ కులపు గుర్తుగా చూసిన డప్పును, వాళ్లే భుజానికెత్తుకుని గర్వంగా మోగించారు. సమాజ స్పృహ అనే మాటను పుస్తకాల్లో ఎంత వివరించినా ఇంత స్పష్టంగా అర్థం కాదు.

2014లో రాష్ట్రం వచ్చింది. రసమయి కరీంనగర్ జిల్లా మానకొండూరు నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. ప్రభుత్వం తెలంగాణ సాంస్కృతిక సారథిని ఏర్పరచి 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చింది. దీని గురించి నా మనసులో రెండు మాటలున్నాయి, రెండూ నిజమే. ఏళ్లతరబడి బస్సు కిరాయికి కూడా లేకుండా పాడినవాళ్ల ఇంట్లో నెలనెలా జీతం పడడం న్యాయం. దాన్ని తప్పుపట్టేవాళ్లు ఆ ఇళ్ల పొయ్యిలను చూసి ఉండరు. కానీ ప్రభుత్వ పథకాన్ని వివరించే పాట వేరు, ప్రభుత్వాన్ని నిలదీసే పాట వేరు. ఉద్యోగపు ఉత్తర్వు చేతిలో ఉన్నవాడు రెండోది పాడడం కష్టం. అడిగే పాటకు కొత్త గొంతులు ఎక్కడినుంచి రావాలన్న ప్రశ్న అప్పటినుంచీ అలాగే ఉంది.

తమిళనాడులో ఒక దారి కనబడింది. సినీ దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా కలిసి చెన్నైలో 'ద క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' అనే బృందాన్ని కట్టారు. 2018 జనవరిలో తొలి కచేరీ. వేదిక మీద 19 మంది. ఉత్తర చెన్నై కూలివాడల్లో, ముఖ్యంగా చావు ఇళ్లలో పాడే గానా పాటలకు ర్యాప్‌నూ రాక్‌నూ జోడించారు. పరై డప్పు పక్కనే గిటారు, డ్రమ్ములు. కులం లేని తమిళులు అన్న పందొమ్మిదో శతాబ్దపు ఆలోచనాపరుడు అయోతిదాసర్ మాటలోంచే బృందం పేరు తీసుకున్నారు. గానా మగవాళ్ల గొంతుగా పేరుపడ్డ చోట ఇసైవాణి అనే యువతి ముందు నిలబడి పాడింది. 2020లో బీబీసీ వందమంది మహిళల జాబితాలో ఆమె పేరు వచ్చింది. అదే బృందంలోని అరివు ర్యాపర్‌గా ఎదిగాడు. వీళ్లు పాత పాటను పక్కన పెట్టి ర్యాప్‌లోకి దూకలేదు. చావు పాట కొలతను అలాగే ఉంచి, దాని మీద కొత్త మాటను నడిపారు. మన డప్పుకూ చావుకూ ఉన్న సంబంధం తెలిసినవాళ్లకు ఈ పద్ధతి ఎంత దగ్గరిదో చెప్పనక్కర్లేదు.

కరీంనగర్ చుట్టుపక్కల పిల్లలకు చొరవ లేదనలేం. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో ఊరి యాసనూ, గంగవ్వ వంటి ఊరి మనిషినీ ఫోనులోంచి లోకానికి చూపించింది. స్టూడియోకు పోకుండా ఊళ్లోనే సొంత మాధ్యమం కట్టుకోవచ్చని రుజువైంది. జానపద పాటలు కూడా ఇప్పుడు ఫోనులోనే పుట్టి, పెళ్లి బరాత్‌లో డీజే పెట్టెల్లోంచి మోగుతున్నాయి. దరువు అంతా కంప్యూటరులో తయారవుతుంది. వినడానికి జోరుగానే ఉంటుంది. కానీ పాడే అమ్మాయి ఒక్కతే గదిలో మైకు ముందు నిలబడి పాడుతుంది. ఆమె వంతను కూడా ఆమే పాడుతుంది, రెండోసారి రికార్డు చేసి.

నేను వెలితిగా చూసేది ఈ ఒక్క చోటునే. సభలో అయితే పాట ఎత్తుకున్నవాడు పాదం సగంలో మైకును జనం వైపు తిప్పుతాడు. ముందు వరుసలో బీడీలు చుట్టి వేళ్లు నొప్పి పట్టిన ఆడవాళ్లు, వెనక దుబాయి నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు, పక్కన షిఫ్టు దిగి తలకు రుమాలు చుట్టుకుని నిలబడ్డ బొగ్గు కార్మికుడు, అందరూ మిగతా సగం అందుకుంటారు. డప్పు కొట్టేవాడు అప్పుడు వేదిక వైపు చూడడు. జనం పెదవుల వైపు చూసి సిర్ర ఎత్తుతాడు.